గాయాలు జంటగా వస్తాయి

నమోదు 1

ఈ రోజుతో నేను నర్సును కాను. పన్నెండేళ్ళు వేసుకున్న తెల్ల కోటు విప్పేసి నీలం కోటు తొడుక్కున్నాను. వార్డులో వాళ్ళంతా "స్వరూపక్క మీదికి ఆకాశం దిగొచ్చిందిరో" అని ఒకటే ఎగతాళి. మా కింది ఊళ్ళో ఆకాశం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మా తాతల కాలంలోనే పైన ఎండకు మనుషులు మాడిపోతుంటే పాత బొగ్గు సొరంగాల్లోకి దిగారు, ఇక ఎక్కలేదు. అయినా ఎగతాళికి ఆకాశం పనికొస్తూనే ఉంది.

కొత్త పని ప్రయోగాల విభాగంలో. వార్డుకీ దీనికీ మధ్య ఒక్క తలుపే. ఇక్కడ పెద్ద డాక్టర్ వకుళ. ఈ లాగ్ రాయమన్నది ఆవిడే. "జరిగింది జరిగినట్టు రాయి. మనం చేసిన తప్పు కూడా రాయి. అందంగా రాయకు" అంది. అందంగా రాయడం నాకెలాగూ రాదు.

వార్డు ఎందుకు వదిలానంటే, విసిగిపోయాను. అతికించిన చెయ్యే ఇంకెవరితోనో తగాదాపడి మళ్ళీ తెగి వచ్చేది. ఓటి కుండకు మాటు వేస్తూ కూర్చున్నట్టుండేది నా బతుకు. ఒక్క పనైనా మొదలుపెట్టి పూర్తి చేయాలని ఉంది.

నమోదు 2

కొత్తగా చేరిన ఇద్దరికి మన మందుల సంగతి చెప్పమంది డాక్టరమ్మ. వాళ్ళకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

అతుకు అనేది ఒక జిగురు. తెగినచోట పోస్తే మాంసం మాంసాన్ని పట్టుకుంటుంది. కాకపోతే ఒక పూర్తి షిఫ్ట్ కదలకుండా పడుకోవాలి, కదిలితే మళ్ళీ విడిపోతుంది. ఈ అతుకు వచ్చాకే మా ఊళ్ళో తగాదాలు గీతకు ఎక్కాయి. నేల మీద సున్నంతో గుండ్రంగా గీత గీస్తారు. ఇద్దరూ కొంకి కత్తులతో లోపలికి దిగుతారు. చేతులూ కాళ్ళే, మెడా కడుపూ ముట్టకూడదు. గీత దాటి బయట అడుగు పెట్టినవాడు ఓడినట్టు. తర్వాత ఇద్దరినీ వార్డుకు మోసుకొస్తారు. కోర్టులు లేవు, పెద్దమనుషులు లేరు, అతుకు ఉంది.

ఇప్పుడు మేం ప్రయోగిస్తున్నది కొత్త అతుకు. జనం అప్పుడే దానికి 'చిటికె' అని పేరు పెట్టేశారు. చాయ్ చల్లారేలోపు గాయం మూసుకుంటుంది, మనిషి లేచి నడిచిపోతాడు. ఒప్పుకున్నవాళ్ళలో ఎవరికి పాతది, ఎవరికి కొత్తది అన్నది మేం ఎంచకూడదు, పెట్టె ఎంచాలి. బొత్తాం నొక్కితే బిళ్ళ పడుతుంది. పచ్చ బిళ్ళ పడితే చిటికె. నల్ల బిళ్ళ పడితే పాత అతుకు, వార్డులో మంచం.

మొదటి పేషెంటు భుజం తెరుచుకుని వచ్చాడు. నా చెయ్యి దానంతటదే గాజుగుడ్డ కోసం పోయింది.

"ముట్టుకోకు స్వరూపా" అంది డాక్టరమ్మ. "నువ్వు ఇప్పుడు చూసేదానివి. చూడు, రాయి."

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. వాడు మూలుగుతున్నాడు, నేను గడియారం చూస్తున్నాను. మా అమ్మ బతికుంటే చెంప పగలగొట్టేది.

చిటికె మాత్రం నిజంగా అద్భుతం. ఎముక కనబడుతున్న గాయం కళ్ళముందే పెదాలు మూసుకున్నట్టు మూసుకుంది.

నమోదు 3

మా తమ్ముడు ఓదెలు నాతోనే ఉంటాడు. గాలి గొట్టాలు బాగుచేసే పని. మనిషి మంచివాడే, ముక్కు మీద కోపం. ఆ గొట్టాల దగ్గరే పక్క గల్లీ రాయమల్లుతో వాడికి పడదు. రాయమల్లు గాలిని తన గల్లీ వైపు తిప్పుకుంటాడు, వీడు వెళ్ళి మళ్ళీ ఇటు తిప్పుతాడు. ఆ మధ్య మా గల్లీలో ఒక పసిపిల్ల ఊపిరాడక నల్లబడి పోబోయింది. అప్పటినుంచి ఇద్దరూ ఎదురుపడితే చాలు, జనం సున్నం డబ్బా వెతుకుతారు.

"చిటికె వచ్చిందట గదక్కా? ఇగ భయమేంది?" అన్నాడు అన్నం తింటూ.

"ప్రయోగంల చేరకు. గీతకు అసలే పోకు."

"నువ్వు పనిజేసే మందును నేనే నమ్మకపోతే ఊరు నమ్ముతదా?"

ప్రయోగంలో చేరమనీ చేరవద్దనీ మావాళ్ళకు నేను చెప్పకూడదు. అది డాక్టరమ్మ పెట్టిన నియమం. చెప్పేశాను. రాయమంది కాబట్టి రాస్తున్నాను.

నమోదు 5

ఈ రోజు వార్డులో పోశం చచ్చిపోయాడు. చంపారు.

మొగిలి, పోశం గీతకు దిగారు. మొగిలి ఓడాడు. ఇద్దరూ ప్రయోగానికి వేలిముద్ర వేశారు. పోశానికి నల్ల బిళ్ళ, మొగిలికి పచ్చ బిళ్ళ పడ్డాయి. పోశానికి తొడా చెయ్యీ అతికించి వార్డులో పడుకోబెట్టారు. మొగిలి మా గదిలో లేచి కూర్చుని వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ చూసుకున్నాడు. బయట పోశం గల్లీవాళ్ళు "గీత దాటిండు, గీత దాటిండు" అని పాట కట్టి పాడుతున్నారు. వాడు మెల్లగా లేచి మధ్య తలుపు తీసుకుని వార్డులోకి వెళ్ళాడు. మరుగుదొడ్డికేమో అనుకున్నాను.

సెలైన్ కడ్డీ ఎత్తి పోశం తల మీద కొట్టాడు. నేను వెళ్ళేసరికి మళ్ళీ కొడుతున్నాడు. పోశం కదలలేడు గదా. చేతులు అడ్డం పెట్టుకోబోతే అతికించిన చెయ్యి విడిపోయి వేలాడింది. హెడ్ నర్సు మార్తమ్మ మొగిలి వీపు మీదికి ఎక్కి మెడ పట్టుకుని లాగుతోంది. మార్తమ్మకు అరవై దాటాయి. నేను పోశం తల రెండు చేతులతో పట్టుకున్నాను. పుర్రెకు అతుకు లేదు. నా వేళ్ళ సందుల్లోంచి అంతా వచ్చేసింది.

మొగిలి కడ్డీ పడేసి నేల మీద కూలబడ్డాడు. "నాకింకా కోపం తక్కువ కాలే సిస్టర్" అన్నాడు పిల్లాడిలా. "ఎప్పుడు తక్కువైతదో అప్పటిదాంక పండుకోబెడుతుంటిరి గదా, ఈసారెందుకు పండుకోబెట్టలే?"

నమోదు 6

డాక్టరమ్మతో పెద్ద గొడవ. ఆవిడ నివేదికలో "తీవ్ర సంఘటన, మందుతో సంబంధం లేదు" అని రాసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సంబంధం లేకపోవుడేంది మేడమ్? మొగిలి లేచి నిలబడ్డది దేంతోటి?"

"పోశం దేనివల్ల చచ్చాడు? కడ్డీవల్ల. మందువల్ల కాదు."

"మందు లేకుంటే మొగిలి మంచం మీద ఉండేటోడు."

ఆవిడ అరవలేదు. పోశం కోసం ఆవిడ కూడా ఏడ్చిందని కళ్ళు చూస్తే తెలుస్తోంది. "స్వరూపా, నీకు అనిపించింది. నాకూ అనిపిస్తోంది. అనిపించిందని మందు ఆపితే రేపు గనిలో కాలు తెగినవాడికి ఏం చెబుతాం? అనిపించినదాన్ని చూపించు. ఈ పనికి నువ్వు వచ్చింది అందుకే" అంది.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా సరైన మాటే.

నమోదు 7

వార్డులో మార్తమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ మెడ మీద మొగిలి గోళ్ళ గాట్లున్నాయి.

వార్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉంది. ఒకరినొకరు కోసుకున్నవాళ్ళ మంచాలు పక్కపక్కన జరిపి వేస్తాం. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. గీత కాడ ఎట్లా కలిసి వచ్చారో అట్లా కలిపి పడుకోబెట్టడమే మాకు అలవాటు. మొదట బూతులు తిట్టుకుంటారు. తర్వాత పైకప్పు చూస్తారు. తర్వాత ఒకడు దాహమంటాడు, రెండోవాడు "సిస్టర్, గీనికి నీళ్ళియ్యండి" అని కేకేస్తాడు. షిఫ్ట్ దిగేసరికి ఇద్దరూ కుంటుకుంటూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని పోతారు. పన్నెండేళ్ళు చూశాను. అదొక తమాషా అనుకున్నానే తప్ప అదే వైద్యమని అనుకోలేదు.

పెట్టె బిళ్ళ వేసేది మనిషికి. ఒక్కొక్కరిని విడివిడిగా లెక్కపెడుతున్నాం. కానీ మా దగ్గరికి గాయాలు జంటగా వస్తాయి. ఒకడికి పచ్చ, ఒకడికి నల్ల పడితే, ఒకడి చేతికి కత్తి ఇచ్చి రెండోవాడి కాళ్ళు కట్టేసినట్టే. ఈ ప్రయోగం రాసినవాళ్ళు ఎంత చదివారో గానీ, గాయం ఒంటరిగా పుట్టదన్నది మరిచిపోయారు. నేను మాత్రం? వార్డులో ఉండి వచ్చినదాన్ని, బొత్తాం నొక్కింది నేనే.

నమోదు 8

ఇప్పటిదాకా చేరినవాళ్ళందరినీ జంటలుగా పేర్చుకున్నాను. గల్లీలన్నీ తిరిగి తర్వాత ఏమైందో కనుక్కున్నాను. ఇద్దరికీ నల్ల బిళ్ళ పడిన జంటల్లో మళ్ళీ కొట్టుకున్నవాళ్ళు ఒక్కరు లేరు. ఒకరికి పచ్చ, ఒకరికి నల్ల పడినచోట పచ్చవాడు రెండోవాడి మీదికి తిరిగి వచ్చాడు. కొందరిని ఇంట్లోవాళ్ళు ఆపారు, కొందరిని ఆపలేకపోయారు. వెతికి, అడిగి, పేరుస్తూ పోతుంటే మొదటిసారి ఈ నీలం కోటు నాది అనిపించింది. సంతోషం కూడా వేసింది. శవాల లెక్క చేస్తూ సంతోషమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇద్దరికీ పచ్చ పడితే ఏమవుతుందో మాత్రం తెలియలేదు. అట్లాంటి జంట ఇంకా పడలేదు.

నమోదు 9

పడింది.

అన్నదమ్ములు. తండ్రి గది ఎవరిదన్న తగాదా. ఇద్దరికీ పచ్చ. ఇద్దరూ లేచి ఎదురెదురుగా చూసుకుని, మాట లేకుండా బయటికి నడిచి మళ్ళీ గీతకు దిగారు. మళ్ళీ తెచ్చారు, మళ్ళీ మూశాం. ఒకసారి పచ్చ పడినవాడికి ఎన్నిసార్లు వచ్చినా పచ్చే, అది నియమం. మళ్ళీ పోయారు. గీత చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారట. తొడలు, ముంజేతులు, పిక్కలు, మళ్ళీ తొడలు. సున్నం గీత ఎర్రబడి కనబడకుండా పోయిందని, బొగ్గుతో మళ్ళీ గీశారని చెప్పారు.

నాలుగోసారి పెద్దవాడు మా బల్ల మీదికి నడిచే వచ్చాడు. అన్నీ మూసుకున్నాయి. కూర్చున్నాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. "సలి వెడుతుంది" అన్నాడు. అట్లాగే ఒరిగిపోయాడు.

అతుకు తోలును మూస్తుంది, పోయిన నెత్తురును తెచ్చివ్వదు. ఎక్కిద్దామంటే వాడి గ్రూపు నెత్తురు అయిపోయింది. వాడి ఒళ్ళంతా కడిగాను. ఎక్కడా ఒక్క గీరు లేదు. గాయం లేకుండా రక్తం లేక చచ్చిన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. చిన్నవాడు అన్న ఒళ్ళు తడుముతూ ఎక్కడ కోశానో వెతుకుతున్నాడు.

డాక్టరమ్మ ఈసారి వాదించలేదు. నా జంటల లెక్క తీసుకుని అక్కడికక్కడే ప్రయోగాలకు అనుమతిచ్చే పైసంఘానికి పంపింది. బిళ్ళ ఇక మనిషికి కాకుండా జంటకు వేయాలని, పచ్చవాళ్ళను కూడా ఒక షిఫ్ట్ పక్కపక్కన పడుకోబెట్టాలని అడిగింది.

"జవాబు వచ్చేదాంక ఆపండి మేడమ్."

"ఆపే అధికారం నాకు లేదు. అడిగాను. రేపటికి వస్తుంది."

నమోదు 10

రేపటిదాకా ఆగలేదు.

ఓదెలును, రాయమల్లును ఒకే బండి మీద తెచ్చారు. మావాడి చెవి సగం లేదు. చేతులూ కాళ్ళే కొట్టాలన్న నియమం దాటి రాయమల్లు చెవి కోశాడట. ఆ నొప్పికి మావాడు గీత బయట పడ్డాడట. ఓడాడు, పైగా చెవి పోయింది, పైగా జనం నవ్వారు. గోరుచుట్టు మీద రోకలి పోటు. రాయమల్లుకు రెండు కాళ్ళూ తెగిపోయి వేలాడుతున్నాయి.

ఇద్దరి దగ్గరా సమ్మతి డాక్టరమ్మే తీసుకుంది. నేను ఓదెలు కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాను. వాడు నన్ను చూస్తూనే వేలిముద్ర వేశాడు. బొత్తాం కూడా ఆవిడే నొక్కింది. రాయమల్లుకు నల్ల. ఓదెలుకు పచ్చ.

"మేడమ్, వద్దు. వీనికి పాతదే వెయ్యండి."

"నీ తమ్ముడని పెట్టెను మార్చలేను స్వరూపా. తలుపుకు గొళ్ళెం పెట్టించాను, మనిషిని పెట్టాను. నువ్వు బయటికి వెళ్ళు."

వెళ్ళలేదు. వాడి తొడ గాయం మూసుకోవడం చూస్తూ నిలబడ్డాను. చెవి దగ్గర మూసుకుంది గానీ తెగిన ముక్క మళ్ళీ మొలవదు గదా. వాడు అక్కడ చెయ్యి పెట్టుకుని తడిమి చూసుకున్నాడు. ముఖంలో రంగు మారిపోయింది. చిన్నప్పటినుంచీ ఎత్తుకు తిరిగాను వాణ్ణి. ఆ ముఖం నాకు తెలుసు.

"తమ్మీ, పండుకో. నామాట విను."

"జరుగక్కా."

కాపలా మనిషిని ఒక్క గుద్దుకు పడేశాడు. బూటులోంచి కొంకి తీశాడు. గొళ్ళెం ఊడిపోయేదాకా తన్నాడు. తలుపు వెనక మార్తమ్మ చేతులు చాచి నిలబడింది. ఆవిణ్ణి పక్కకు విసిరేస్తే గోడకు తగిలి జారిపడింది.

రాయమల్లు మంచం మీద మోచేతుల మీద లేవబోయి లేవలేకపోయాడు. "ఓదెలూ, గిట్ల గాదురా. లేవరాకుండున్న. రేపు గీతల సూస్కుందాం, నీ ఇష్టమున్నట్టు కొయ్యి" అన్నాడు. మావాడు ఆగలేదు. కొంకి పైకెత్తాడు, మెడ మీదికే.

వాడి వెనకే ఉరికాను, పక్కన ట్రేలో కత్తి ఉంది. తీసుకున్నాను. వంగి, వాడి ఎడమ మోకాలి వెనక అడ్డంగా లాగాను. పన్నెండేళ్ళు అతికించినదాన్ని, ఏది తెగితే మనిషి నిలబడలేడో నాకు తెలుసు. లోపల నరం తెగిన చప్పుడు వినబడింది. వాడు అరిచి మంచం మీద పడ్డాడు, కొంకి రాయమల్లు మెడ పక్కనుంచి దిండులోకి దిగింది. వాడి చెయ్యి మళ్ళీ దానివైపు పోతుంటే మణికట్టు కూడా కోశాను. నేల మీదికి లాగి, వాడి వీపు మీద కూర్చున్నాను. వాడు నన్ను లంజె అన్నాడు. అనని మాట లేదు. నేను ఏడుస్తూ, అదే చేత్తో పాత అతుకు మూత తీసి, వాడి కాలుకూ చేతికీ పోశాను. బిళ్ళ వేయలేదు.

డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏం చేశావ్?"

"నర్సు పని జేసిన మేడమ్."

నలుగురం పట్టి వాణ్ణి మంచం మీదికి ఎత్తాం. మంచాన్ని రాయమల్లు మంచానికి ఆనించి వేశాను.

నియమోల్లంఘన: పాల్గొన్న వ్యక్తికి గాయం, కేటాయించని మందు. కారణం: నేను.

నమోదు 11

మొదటి సగం షిఫ్ట్ ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. తర్వాత కాసేపు పైకప్పు చూశారు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను తిట్టడం మొదలుపెట్టారు.

"మీ అక్క మనిషేనారా?" అన్నాడు రాయమల్లు.

"నాకు అక్క లేదు" అన్నాడు ఓదెలు.

"ఆమె లేకుంటే నాకు మెడ ఉండకపోతుండె" అన్నాడు రాయమల్లు. ఇంకాసేపటికి గాలి గొట్టం చెరో పూట తిప్పుకోవడం గురించి మాట్లాడుకోవడం విన్నాను. నేను నీళ్ళు పట్టుకెళ్తే ఓదెలు నోరు బిగించుకున్నాడు. రాయమల్లు చేతినుంచి తాగాడు.

నమోదు 12

పైసంఘం ప్రయోగం ఆపింది. జంటలుగా, ఒక షిఫ్ట్ పడకతో మళ్ళీ మొదలుపెట్టమంది. నన్ను పేషెంట్ల దగ్గరికి పోవద్దంది. న్యాయమే.

ఓదెలు మంచం దిగాడు. కుంటుతూ నా ముందుకొచ్చి, అందరూ వినేలా "గీతకు రా" అన్నాడు. గీత బయట కోసినవాళ్ళు గీతలో నిలబడాలి. అక్కని గీతకు పిలిచినవాణ్ణి ఊళ్ళో ఎవరూ చూడలేదు. రాయమల్లు మంచం మీదినుంచి "వద్దురా, ఓదెలూ" అని అరిచాడు. మార్తమ్మ శాపనార్థాలు పెట్టింది. నేను పోయాను. ఓడిపోయి, చెవి పోగొట్టుకుని, ఆడదాని చేత నేలకూలి వాడెట్లా బతకాలి? నా మీద తీర్చుకోకపోతే ఇంకెవరి మీదైనా తీర్చుకుంటాడు.

కొంకి పట్టుకున్నాను గానీ ఎత్తలేదు. వాడు కుంటుకుంటూ వచ్చి నా కుడి ముంజెయ్యి మోచేతినుంచి మణికట్టుదాకా చీల్చాడు. ఇన్నాళ్ళు ఇతరుల గాయాలే చూశాను. ఇంత నొప్పని తెలియదు. అయినా గీత దాటలేదు.

"ఎత్తక్కా! కొట్టు!" అని వాడు అరుస్తున్నాడు. జనం నోళ్ళు మూతపడ్డాయి. వాడు మళ్ళీ కొంకి ఎత్తి, అట్లాగే నిలబడి, నా చేతినుంచి కారేదాన్ని చూసి, వెనక్కి నడిచి గీత దాటేశాడు. రెండోసారి ఓడాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నమోదు 13

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే పోనీ.

డాక్టరమ్మ వచ్చింది. ప్రయోగం ఆగింది కాబట్టి పాత అతుకే వేసింది.

"ఇప్పుడు నేను నర్సునా మేడమ్, పరిశోధకురాలినా?"

"పేషెంటువి. నోరు మూసుకుని పడుకో" అంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది. "లేచాక జంటల పద్ధతి మొత్తం నువ్వే రాయాలి. పేషెంట్లను ముట్టుకోవద్దన్నారు గానీ రాయొద్దనలేదు."

మార్తమ్మ ఇంకో మంచం తెచ్చి నా మంచానికి ఆనించింది. ఓదెలుకు దెబ్బ తగలలేదు, ఎందుకమ్మా అంటే, నా అలవాటు నాది అంది. షిఫ్ట్ సగం గడిచినా అది ఖాళీగానే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా ఏడ్చాను.

కుంటుతున్న అడుగుల చప్పుడు వినబడింది. వాడు ఎవరినీ చూడకుండా వచ్చి, బూట్లతోనే ఆ మంచం మీద పడుకుని గోడవైపు తిరిగాడు.

"మోకాలు ఇంకా గుంజుతుందక్కా. ఎన్నటికి తక్కువైతది?"

అతుకు మాంసాన్ని పట్టుకుంటుంది, ఆ నరాన్ని పట్టుకోదు. కోసేటప్పుడే నాకు తెలుసు. వార్డులో ఉన్నప్పుడైతే "తగ్గుతుంది నాయనా, పడుకో" అని దుప్పటి కప్పేదాన్ని.

"తక్కువ కాదు తమ్మీ. ఆ కాలు ఇగ గంతే."

వాడి భుజాలు బిగుసుకున్నాయి. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు.